డాకింగ్ స్టేషన్

డాకింగ్ స్టేషన్ అనగా ల్యాప్‌టాప్ కంప్యూటరును బల్ల మీద ఉండే మానిటరు, కీబోర్డు, మౌసు, ప్రింటరు, నెట్‌వర్కు తీగ మొదలైన వాటన్నిటితో ఒకేసారి కలిపే ఉపకరణం. వాడుకలో దీనిని క్లుప్తంగా డాక్ అంటారు. పరికరాల తీగలన్నీ ఎప్పుడూ డాక్‌కే తగిలించి ఉంటాయి. ల్యాప్‌టాప్‌కు, డాక్‌కు మధ్య ఒకే ఒక కేబులు ఉంటుంది. అది పెట్టగానే ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ కంప్యూటరులాగా పనిచేస్తుంది. తీయగానే మళ్ళీ సంచిలో పెట్టుకొని పోగల యంత్రం అవుతుంది.

చూడడానికి ఇది ఇళ్ళల్లో వాడే కరెంటు ఎక్స్‌టెన్షన్ బాక్సును పోలి ఉంటుంది. కాని ఎక్స్‌టెన్షన్ బాక్సు ఏ గోడ ప్లగ్గుకు పెట్టినా పనిచేస్తుంది, డాక్ అలా పనిచేయదు. ల్యాప్‌టాప్ పోర్టు ఏమి ఇవ్వగలదో దానినే డాక్ పంచిపెడుతుంది. పైకి ఒకేలా కనబడే రెండు పోర్టులలో ఒకటి మూడు మానిటర్లను నడపగలిగితే, రెండవది ఒక్కదానిని కూడా నడపలేకపోవచ్చు. డాక్ కొన్న తరువాత మానిటరు వెలగలేదని, ఛార్జింగు ఎక్కడం లేదని బాధపడేవారిలో ఎక్కువమంది డాక్‌ను మాత్రమే చూసి కొన్నవారు, తమ ల్యాప్‌టాప్ పోర్టును చూడనివారు.

పేరు

ఆంగ్లంలో డాక్ అంటే ఓడలు వచ్చి ఆగే రేవు కట్టడం. విశాఖపట్నం వాసులకు డాక్‌యార్డు అన్న మాట కొత్త కాదు. సముద్రం మీద తిరిగే ఓడ రేవు చేరినప్పుడు సరుకు దించి, నీరు, ఇంధనం నింపుకొని మళ్ళీ బయలుదేరుతుంది. ల్యాప్‌టాప్ కూడా బల్ల వద్దకు చేరినప్పుడు విద్యుత్తు నింపుకొని, పెద్ద తెరతోను, నెట్‌వర్కుతోను కలుస్తుంది కనుక ఈ పేరు అతికినట్లు సరిపోయింది.

దీనికి దగ్గరి బంధువులు రెండున్నాయి. పోర్ట్ రెప్లికేటర్ అనేది ల్యాప్‌టాప్‌లో ఉన్న పోర్టులనే వెనుకవైపు మళ్ళీ అమర్చి చూపే పెట్టె. అసలైన డాక్‌లో వీటికి తోడు అదనపు డ్రైవులు, కార్డులు పెట్టుకొనే చోటు కూడా ఉండేది. హబ్ అనేది అరచేతిలో ఇమిడే చిన్న ఉపకరణం, దీనికి సాధారణంగా సొంత విద్యుత్తు ఉండదు. ఇప్పుడు వ్యాపారులు ఈ మూడు పేర్లనూ ఇష్టం వచ్చినట్లు వాడుతున్నారు కనుక పేరును బట్టి వస్తువును అంచనా వేయడం కుదరదు.

అవసరం

ల్యాప్‌టాప్‌లో తెర, మీటలు ఒకదానికొకటి అతికి ఉంటాయి. మీటలు చేతులకు అనువైన ఎత్తులో ఉంటే తెర బాగా కిందికి పోతుంది, మెడ వంచాలి. తెరను కంటి ఎత్తుకు లేపితే చేతులు గాలిలో ఉంటాయి. ఈ రెంటినీ ఒకేసారి సరిచేయడం ల్యాప్‌టాప్ ఒక్కదానితో సాధ్యం కాదు. ఒక గంట పనికి ఇది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. రోజుకు ఎనిమిది గంటలు, సంవత్సరాల తరబడి పనిచేసేవారికి మెడ, భుజాలు పట్టేస్తాయి. విడి తెర, విడి కీబోర్డు ఉంటే ఈ చిక్కు తీరుతుంది. అయితే రోజూ ఉదయం ఐదారు తీగలు పెట్టి, సాయంత్రం ఐదారు తీగలు తీయడానికి ఎవరికీ ఓపిక ఉండదు, పోర్టులు కూడా అరిగిపోతాయి. ఆ పనిని ఒక్క తీగకు తగ్గించడమే డాక్ ప్రయోజనం.

తెలుగులో ఎక్కువగా టైపు చేసేవారికి విడి కీబోర్డు వల్ల మరొక మేలు కూడా ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో చ, జ, ట, డ వంటి అక్షరాలు కీబోర్డు కుడి అంచున ఉంటాయి. చిన్న ల్యాప్‌టాప్‌లలో ఆ అంచు మీటలనే కుదించి ఇరికిస్తారు కనుక వేళ్ళు తడబడతాయి.

2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు హైదరాబాదు, బెంగుళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అనేకులు ల్యాప్‌టాప్ ఒక్కదానితో సొంత ఊళ్ళకు చేరారు. డాక్, మానిటరు ఆఫీసు బల్ల మీదనే ఉండిపోయాయి. భోజనాల బల్ల మీద, మంచం మీద పనిచేసిన ఆ నెలలలోనే చాలామందికి డాక్ విలువ తెలిసివచ్చింది.

చరిత్ర

1990 ల మొదట్లో ల్యాప్‌టాప్‌లు బరువుగా ఉండేవి. బరువు తగ్గించాలంటే ఏదో ఒకటి తీసివేయాలి. 1992 అక్టోబరులో ఆపిల్ సంస్థ విడుదల చేసిన పవర్‌బుక్ డుయో ఈ పనిని ధైర్యంగా చేసింది. అందులో ఫ్లాపీ డ్రైవును పూర్తిగా తీసివేశారు, బయటి మానిటరు పెట్టుకొనే పోర్టును కూడా ఉంచలేదు. వాటికి బదులు వెనుకవైపు 156 పిన్నులున్న ఒక పెద్ద సాకెట్టు పెట్టారు. తీసివేసిన భాగాలన్నీ డుయో డాక్ అనే పెట్టెలో ఉండేవి. వీడియో క్యాసెట్‌ను వీసీఆర్‌లోకి నెట్టినట్లు ల్యాప్‌టాప్‌ను మూసి ఆ పెట్టెలోకి నెడితే, లోపలి మోటారు దానిని అందుకొని సాకెట్టుకు తగిలించేది. పెట్టె పైన మానిటరు పెట్టుకొనేవారు. ల్యాప్‌టాప్ లోపల ఉన్నంతసేపు అది పూర్తి మ్యాకింటోష్ కంప్యూటరు. డుయో నమూనాలు 1997 వరకు సాగాయి. ఈ రచనకు సంబంధించినంతవరకు ఇంత అందమైన డాక్ మళ్ళీ రాలేదనే చెప్పాలి.

అదే కాలంలోను, ఆ తరువాతను ఐబీఎం థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్ వంటి ఆఫీసు ల్యాప్‌టాప్‌లకు అడుగు భాగంలో పొడవాటి సాకెట్టు ఉండేది. ల్యాప్‌టాప్‌ను డాక్ మీద పెట్టి నొక్కితే టక్కుమని కూర్చొనేది. తీయాలంటే ముందుగా కంప్యూటరుకు చెప్పి తీయవలసి ఉండేది. విండోస్ 95 స్టార్ట్ మెనూలో ఇందుకు ప్రత్యేకమైన ఆదేశం ఉండేది. ఈ పద్ధతి గట్టిగా, నమ్మకంగా పనిచేసింది. దాని లోపమల్లా ఒక సంస్థ డాక్ మరొక సంస్థ ల్యాప్‌టాప్‌కు పనికిరాకపోవడం. ఒకే సంస్థలోనే కొత్త నమూనా వచ్చిందంటే పాత డాక్ మూలన పడేది.

ఈ అడ్డుగోడను తొలగించినది యూఎస్‌బీ. 1996 జనవరిలో మొదటి ప్రమాణం వెలువడిన ఈ వ్యవస్థ రూపకల్పనలో వడోదరలో చదువుకున్న అజయ్ భట్, ఇంటెల్ సంస్థలోని ఆయన బృందం ముఖ్యపాత్ర వహించారు. 2000 లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకు 48 కోట్ల బిట్లు, 2008 లో వచ్చిన యూఎస్‌బీ 3.0 వేగం 500 కోట్ల బిట్లు. 2014 ఆగస్టులో టైప్-సి అనే చిన్న, ఎటు తిప్పి పెట్టినా సరిపోయే పోర్టుకు ప్రమాణం వచ్చింది. 2015 లో ఆపిల్ విడుదల చేసిన సన్నని మ్యాక్‌బుక్‌కు ఛార్జింగుకు, మిగిలిన అన్ని పనులకు కలిపి ఒకే ఒక టైప్-సి పోర్టు ఉంది. అది కొన్నవారికి హబ్ కొనక తప్పలేదు. అదే సంవత్సరం ఇంటెల్ ప్రకటించిన థండర్‌బోల్ట్ 3 కూడా ఈ పోర్టునే వాడుకుంటూ సెకనుకు 4,000 కోట్ల బిట్ల వేగాన్ని తెచ్చింది. 2019 నాటి యూఎస్‌బీ4 ప్రమాణానికి ఇదే ఆధారం.

ఒకే తీగలో ఇన్ని పనులు

టైప్-సి పోర్టులో పై వరుసన 12, కింది వరుసన 12, మొత్తం 24 పిన్నులు ఉంటాయి. వీటిలో కొన్ని విద్యుత్తుకు, కొన్ని పాత యూఎస్‌బీ 2.0 సంకేతాలకు కేటాయించబడ్డాయి. అధిక వేగంతో సమాచారాన్ని మోసే జంట తీగలు నాలుగు. మిగిలిన వాటిలో రెండు పిన్నులు అతి ముఖ్యమైనవి: ఇవి సమాచారాన్ని మోయవు, ల్యాప్‌టాప్‌కు డాక్‌కు మధ్య సంభాషణకు మాత్రమే ఉన్నాయి.

కేబులు పెట్టిన మరుక్షణంలో ఈ సంభాషణ మొదలవుతుంది. ప్లగ్గు ఏ వైపు తిరిగి ఉన్నదో ముందు తేలుతుంది. మొదట 5 వోల్టులు మాత్రమే వస్తాయి. తరువాత డాక్ తాను 5, 9, 15, 20 వోల్టులలో వేటిని ఇవ్వగలదో చెబుతుంది. ల్యాప్‌టాప్ తనకు కావలసినది అడుగుతుంది. ఒప్పందం కుదిరిన తరువాతనే వోల్టేజి పెరుగుతుంది. అందువల్లనే ఒకే ఛార్జరును ఫోనుకు, ల్యాప్‌టాప్‌కు పెట్టినా ఫోను కాలిపోదు. ఆ పిమ్మట నాలుగు జంటలను ఎలా పంచుకోవాలన్నది నిర్ణయమవుతుంది. ఎన్ని జంటలు చిత్రానికి, ఎన్ని ఇతర సమాచారానికి అన్నది ఇక్కడ తేలుతుంది. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో జరిగిపోతుంది. కేబులు పెట్టిన తరువాత తెర ఒకసారి నల్లబడి మళ్ళీ వెలగడానికి కారణం ఇదే.

డాక్ లోపల విడివిడి చిప్పులు ఉంటాయి. ఒకటి యూఎస్‌బీ పోర్టులను పంచుతుంది, ఒకటి చిత్రాన్ని హెచ్‌డీఎంఐ లేదా డిస్‌ప్లేపోర్ట్‌కు మళ్ళిస్తుంది, మరొకటి నెట్‌వర్కు తీగను, ఇంకొకటి శబ్దాన్ని చూసుకుంటాయి. ఇవన్నీ ఒకే దారిని పంచుకుంటాయన్నది గుర్తుంచుకోవాలి. డాక్‌కు రెండు బయటి డిస్కులు తగిలించి ఒకదాని నుంచి మరొకదానికి ఫైళ్ళు పంపితే, అవి డాక్ నుంచి ల్యాప్‌టాప్‌కు వచ్చి మళ్ళీ డాక్‌కు వెళ్ళవలసిందే.

మానిటర్ల లెక్క

చిక్కులన్నిటికీ మూలం మానిటరు. కీబోర్డు, మౌసు పంపే సమాచారం అతి స్వల్పం. తెర మీద చిత్రం అలా కాదు. పాఠశాల గణితంతోనే దీనిని లెక్క వేయవచ్చు.

ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. హెచ్చవేస్తే 20,73,600. ఒక్కొక్క చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు కావాలి. చిత్రం సెకనుకు 60 సార్లు మారుతుంది. అంటే సెకనుకు సుమారు 299 కోట్ల బిట్లు. 4కే తెరలో చుక్కలు దీనికి నాలుగు రెట్లు కనుక 1,194 కోట్ల బిట్లు కావాలి.

ఇప్పుడు దారి సంగతి చూద్దాం. డిస్‌ప్లేపోర్ట్ 1.2 పద్ధతిలో ఒక్కొక్క జంట మీద నికరంగా 432 కోట్ల బిట్లు పోతాయి. నాలుగు జంటలనూ చిత్రానికే ఇస్తే 1,728 కోట్లు, 4కే తెరకు చాలు. కాని అప్పుడు డాక్‌లోని మిగిలిన పరికరాలన్నిటికీ పాత యూఎస్‌బీ 2.0 మాత్రమే మిగులుతుంది. బయటి డిస్కు నత్తనడక నడుస్తుంది. రెండు జంటలు చిత్రానికి, రెండు యూఎస్‌బీ 3 కు పంచితే చిత్రానికి దక్కేది 864 కోట్లు. ఇది 1,194 కు చాలదు. అందువల్ల సెకనుకు 60 సార్లు మారవలసిన చిత్రం 30 సార్లే మారుతుంది. తక్కువ ధర హబ్‌ల పెట్టె మీద చిన్న అక్షరాలతో 4కే 30 హెర్ట్జ్ అని ఉండడానికి కారణం ఇదే. ఆ తెర మీద మౌసు కదిపితే బాణం గుర్తు గెంతుతూ వెనకబడి వస్తున్నట్లు కనబడుతుంది. సినిమా చూసేవారికి అంతగా తెలియదు, రోజంతా అక్షరాలతో పనిచేసేవారికి కళ్ళు అలసిపోతాయి. ల్యాప్‌టాప్, డాక్ రెండూ 2016 లో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ 1.4 కు చెందినవైతే రెండు జంటల మీదనే 1,296 కోట్లు పోతాయి కనుక ఈ ఇబ్బంది ఉండదు. ఒకటి కొత్తది, మరొకటి పాతది అయితే పాతదాని లెక్కే చెల్లుతుంది.

రెండు మానిటర్లు పెట్టాలనుకొనేవారికి మరొక మెలిక ఉన్నది. ఒకే డిస్‌ప్లేపోర్ట్ ప్రవాహంలో రెండు వేర్వేరు చిత్రాలను పంపే పద్ధతిని ఎంఎస్‌టీ అంటారు. పై లెక్క ప్రకారం రెండు ఫుల్ హెచ్‌డీ తెరలకు 598 కోట్లు, 864 లో హాయిగా ఇముడుతుంది. విండోస్, లినక్స్ ఈ పద్ధతిని అంగీకరిస్తాయి. ఆపిల్ మ్యాక్ఓఎస్ అంగీకరించదు. అందువల్ల విండోస్ ల్యాప్‌టాప్‌తో రెండు మానిటర్లను చక్కగా నడిపిన డాక్‌ను మ్యాక్‌బుక్‌కు పెడితే రెండు మానిటర్లలోను ఒకే బొమ్మ కనబడుతుంది. చాలామంది డాక్ చెడిపోయిందని అనుకొని వాపసు చేస్తారు. పైగా 2020 నవంబరులో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ ఒక్క బయటి మానిటరును మాత్రమే నడపగలదు. థండర్‌బోల్ట్ డాక్ పెట్టినా ఆ పరిమితి మారదు.

దీనికి ఒక పక్కదారి ఉంది. డిస్‌ప్లేలింక్ అనే పద్ధతిలో చిత్రాన్ని ల్యాప్‌టాప్ ప్రాసెసరు కుదించి, మామూలు ఫైలులాగా యూఎస్‌బీ మీద పంపుతుంది; డాక్‌లోని చిప్పు దానిని విప్పి మానిటరుకు ఇస్తుంది. దీనికి చిత్రాన్ని మోయగల ప్రత్యేక పోర్టు అవసరం లేదు. ఎం1 పరిమితిని కూడా ఇది దాటుతుంది. అయితే డ్రైవరు సాఫ్ట్‌వేరు స్థాపించుకోవాలి, ప్రాసెసరు మీద కొంత భారం పడుతుంది, నకలు రక్షణ ఉన్న సినిమాలు కొన్నిసార్లు కనబడవు. ఉత్తరాలు, లెక్కల పట్టికలు, తెలుగు వ్యాసాలు వ్రాసుకొనేవారికి ఇది చాలు. ఆటలకు, వీడియో ఎడిటింగుకు తగదు.

విద్యుత్తు

టైప్-సి పద్ధతిలో చాలాకాలం గరిష్ఠ పరిమితి 100 వాట్లు, అనగా 20 వోల్టులు, 5 ఆంపియర్లు. 2021 లో దీనిని 48 వోల్టుల వరకు పెంచి 240 వాట్లకు చేర్చారు. అయితే పెట్టె మీద వ్రాసిన అంకె ల్యాప్‌టాప్‌కు చేరేది కాకపోవచ్చు. సొంత ఎడాప్టరు లేని హబ్‌కు 65 వాట్ల ఛార్జరు పెడితే అందులో పది పదిహేను వాట్లను అది తన కోసం, తనకు తగిలించిన పరికరాల కోసం అట్టిపెట్టుకుంటుంది. మిగిలిన 50 వాట్లతో ల్యాప్‌టాప్ మామూలు పనికి సరిపెట్టుకున్నా, భారీ పని పెట్టినప్పుడు ఛార్జింగులో ఉండగానే బ్యాటరీ తరిగిపోతుంది. ఆటల కోసం చేసిన ల్యాప్‌టాప్‌లు కొన్ని 200 వాట్లకు పైగా కోరుతాయి. వాటికి డాక్ ఉన్నా సొంత ఛార్జరు కూడా పెట్టుకోవాలి.

కేబులు కూడా లెక్కలోకి వస్తుంది. 5 ఆంపియర్లు మోయగల కేబులులో ఆ సంగతి చెప్పే చిన్న చిప్పు ఉంటుంది. అది లేని కేబులు మీద 3 ఆంపియర్లకు మించి పంపరు, అంటే 20 వోల్టుల వద్ద 60 వాట్లు. ఫోనుతో వచ్చిన టైప్-సి కేబులు చూడడానికి అచ్చం ఇలాగే ఉంటుంది, కాని వాటిలో అనేకం ఛార్జింగుకు, యూఎస్‌బీ 2.0 వేగానికి మాత్రమే చేసినవి. డాక్‌తో వచ్చిన కేబులును వేరొక పనికి వాడి, ఫోను కేబులును డాక్‌కు పెట్టి, మానిటరు రావడం లేదని వెదకడం తరచుగా జరిగే పొరపాటు.

కొనేముందు

ముందుగా పరిశీలించవలసినది ల్యాప్‌టాప్ పోర్టు. పక్కన మెరుపు గుర్తు ఉంటే అది సాధారణంగా థండర్‌బోల్ట్ పోర్టు, దాదాపు ఏ డాక్ అయినా పనిచేస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ చిహ్నం ఉంటే చిత్రం వస్తుంది. ఏ గుర్తూ లేకపోతే రెండు విధాలుగానూ ఉండవచ్చు. నమూనా సంఖ్యను బట్టి తయారీదారు ఇచ్చిన వివరాల పట్టికలో చూడవలసిందే. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో టైప్-సి పోర్టు కేవలం ఫైళ్ళు పంపడానికే ఉండడం కద్దు. అటువంటి పోర్టుకు ఎంత ఖరీదైన థండర్‌బోల్ట్ డాక్ పెట్టినా తెర వెలగదు. దుకాణంలో అడిగితే టైప్-సి అయితే చాలు, అన్నీ వస్తాయండీ అంటారు. ఆ మాట నమ్మి కొనరాదు.

ఒక్క ఫుల్ హెచ్‌డీ మానిటరు, కీబోర్డు, మౌసు మాత్రమే కావలసిన విద్యార్థికి నిజానికి డాక్ అవసరం లేదు. ల్యాప్‌టాప్‌కు ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టు, రెండు యూఎస్‌బీ పోర్టులు చాలు. మిగిలిన డబ్బుతో మంచి కుర్చీ కొనుక్కోవచ్చు.

వాడుకలో జాగ్రత్తలు

మన ఊళ్ళల్లో కరెంటు పోవడం మామూలే. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కనుక అది ఆగదు, కాని డాక్‌కు బ్యాటరీ ఉండదు. కరెంటు పోగానే మానిటరు, నెట్‌వర్కుతో పాటు డాక్‌కు తగిలించిన బయటి హార్డ్ డిస్కు కూడా ఉన్నపళంగా ఊడిపోతుంది. ఆ క్షణంలో డిస్కు మీద వ్రాత జరుగుతూ ఉంటే ఆ ఫైలు పాడవుతుంది, ఒక్కొక్కసారి డిస్కులోని ఫైళ్ళ పట్టికే దెబ్బతిని ఫోటోలు, పాఠాలు అన్నీ తెరుచుకోకుండా పోతాయి. డెస్క్‌టాప్ కంప్యూటరుకు యూపీఎస్ కొన్నవారు కూడా ల్యాప్‌టాప్‌కు ఎందుకులే అనుకుంటారు. డాక్ వాడేవారు డాక్‌ను, మానిటరును, రౌటరును యూపీఎస్ మీద పెట్టుకోవడం మంచిది. అది వీలుకాకపోతే బయటి డిస్కును డాక్‌కు కాక నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించాలి. డాక్ కేబులును తీసేముందు కూడా డిస్కును ఎజెక్ట్ చేయడం మరువరాదు.

వైర్‌లెస్ మౌసు ఆగి ఆగి కదులుతూ ఉంటే బ్యాటరీలు మార్చేముందు దాని రిసీవరు ఎక్కడ ఉన్నదో చూడాలి. యూఎస్‌బీ 3 సంకేతాల నుంచి వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో కూడా ఉంటుందని ఇంటెల్ 2012 లో వివరించింది. చాలా వైర్‌లెస్ మౌసులు పనిచేసేది ఆ ప్రాంతంలోనే. రిసీవరును యూఎస్‌బీ 3 డిస్కు పక్క నుంచి తీసి, చిన్న పొడిగింపు కేబులుతో మౌసు దగ్గరకు తెస్తే సాధారణంగా సరిపోతుంది.

కళాశాలలలోను, ఆఫీసులలోను నెట్‌వర్కు అనుమతిని కంప్యూటరు మ్యాక్ చిరునామాను బట్టి ఇస్తారు. డాక్‌లోని నెట్‌వర్కు చిప్పుకు సొంత చిరునామా ఉంటుంది కనుక డాక్ ద్వారా వచ్చిన అదే ల్యాప్‌టాప్‌ను నెట్‌వర్కు కొత్త యంత్రంగా భావించి ఆపివేయవచ్చు. ల్యాప్‌టాప్ చిరునామానే చూపగల డాక్‌లు ఉన్నాయి, వాటికి ల్యాప్‌టాప్ సెట్టింగులలో మార్పు చేసుకోవాలి.

మూత మూసి పనిచేయాలంటే విండోస్‌లో పవర్ సెట్టింగులు మార్చాలి. మ్యాక్‌బుక్ అయితే ఛార్జింగు, బయటి మానిటరు రెండూ ఉన్నప్పుడు మూత మూసినా నడుస్తుంది. వేసవిలో మూసిన ల్యాప్‌టాప్‌ను దిండు మీద గాని, పుస్తకాల మధ్య గాని ఉంచరాదు. గాలి ఆడేటట్లు నిలువుగా పెట్టే స్టాండు వాడవచ్చు.

ఫోన్లు, ఇతర యంత్రాలు

డాక్ ఆలోచన ల్యాప్‌టాప్‌తోనే ఆగిపోలేదు. 2011 లో మోటరోలా సంస్థ ఏట్రిక్స్ అనే ఫోనును తగిలించుకొనే తెర, కీబోర్డుల జతను అమ్మింది. 2017 లో శాంసంగ్ తన గెలాక్సీ ఎస్8 తో డెక్స్ అనే సదుపాయాన్ని తెచ్చింది. ఫోనును డాక్‌లో పెడితే మానిటరు మీద కిటికీలతో కూడిన డెస్క్‌టాప్ కనబడుతుంది. అదే సంవత్సరం వచ్చిన నింటెండో స్విచ్ ఆటల యంత్రం చేతిలో పట్టుకొని ఆడుకోవచ్చు, డాక్‌లో పెడితే టీవీ మీద ఆడుకోవచ్చు.

ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుంచి అమ్మే కొత్త ఫోన్లకు టైప్-సి ఛార్జింగు తప్పనిసరి అయింది. ల్యాప్‌టాప్‌లకు ఇదే నియమానికి నిర్ణయించిన తేదీ 2026 ఏప్రిల్ 28. ఈ నియమం ప్రధానంగా ఛార్జింగు గురించి చెబుతుంది. ఆ పోర్టు గుండా మానిటరుకు చిత్రం రావాలని మాత్రం కోరదు.